ఓటు కుడి వైపు, కూరగాయల బుట్ట సేంద్రియం వైపు: అమెరికా సంప్రదాయవాద రైతుల దగ్గర మనం తీసుకోవాల్సింది, వదిలేయాల్సింది



పాలీఫేస్ ఫామ్ గురించి మనం పెట్టిన వీడియో చూసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగింది కోళ్ల గురించి కాదు, ఆవుల గురించీ కాదు. "ఈ జోయెల్ సాలటిన్ ఏ పార్టీ మనిషండీ?" అని. పెద్ద కంపెనీలను తిడుతున్నాడు కాబట్టి కమ్యూనిస్టు అయి ఉంటాడని కొందరన్నారు. మాటకు ముందు దేవుడి పేరు తీస్తున్నాడు, ప్రభుత్వం అంటేనే మండిపడుతున్నాడు, ఈయన పక్కా మతవాది అని ఇంకొందరన్నారు. వీడియోలో ఒక్క మాటలో దాటేశాను. కానీ ఇది ఒక్క మాటలో తేలేది కాదు. పైగా మన సహజ వ్యవసాయ గ్రూపుల్లో ఎన్నికలు వచ్చినప్పుడల్లా జరిగే గొడవలకూ దీనికీ దగ్గర సంబంధం ఉంది. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

సాలటిన్ తనను తాను ఎలా చెప్పుకుంటాడంటే: క్రైస్తవుడు, స్వేచ్ఛావాది, పర్యావరణవాది, పెట్టుబడిదారుడు, పిచ్చి రైతు. ఈ ఐదూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయా అని మనకు ఆశ్చర్యం. అమెరికాలో మాత్రం ఇలాంటివాళ్లు తక్కువేం లేరు. వాళ్లకో పేరు కూడా ఉంది: క్రంచీ కన్జర్వేటివ్‌లు.

ఈ "క్రంచీ" ఏంటి?

క్రంచీ అంటే కరకరలాడేది. అటుకులు, గింజలు, బెల్లం లాంటి తీపి కలిపి వేయించి తినే గ్రానోలా అనే తిండి ఉంది కదా, దాన్ని బట్టి వచ్చిన మాట. 1960లు, 70లలో పట్నం వదిలి పల్లెకు పోయి, జుట్టు పెంచుకుని, సొంత కూరగాయలు పండించుకున్న హిప్పీలను వెక్కిరించడానికి ఈ మాట వాడేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది యుద్ధాన్ని వ్యతిరేకించినవాళ్లు, వామపక్షం వైపు మొగ్గినవాళ్లు. అప్పటినుంచి సేంద్రియం అంటే ఎడమ వైపు అని జనం మనసులో ముద్ర పడిపోయింది.

కుడి వైపు వాళ్లంటే రిపబ్లికన్ పార్టీకి ఓటేసేవాళ్లు, చర్చికి వెళ్లేవాళ్లు, తుపాకీ ఉంచుకునేవాళ్లు. వీళ్లకు పెద్ద ట్రాక్టర్, పెద్ద కంపెనీ, పెద్ద మార్కెట్ ఇష్టం అని లెక్క.

2002లో ఈ లెక్కను ఒక జర్నలిస్టు తిరగేశాడు. పేరు రాడ్ డ్రెహర్. అప్పట్లో నేషనల్ రివ్యూ అనే పత్రికలో పనిచేసేవాడు. 1955లో విలియం బక్లీ పెట్టిన ఆ పత్రిక అమెరికా సంప్రదాయవాదులకు పెద్ద దిక్కు. డ్రెహర్ కుటుంబం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉంటూ ఒక సేంద్రియ కూరగాయల పథకంలో సభ్యత్వం తీసుకుంది. రైతు దగ్గరనుంచి నేరుగా బుట్ట వస్తుంది. ఒకరోజు ఆఫీసులో, బుట్ట తెచ్చుకోవాలి, తొందరగా పోతున్నా అని చెబితే, పక్కనున్న సహోద్యోగి ఛీ, అది వామపక్షాల పని కదా అన్నట్టు ముఖం పెట్టిందట. ఈయనకు అక్కడే అనుమానం మొదలైంది. బీరకాయకు, బెండకాయకు పార్టీ ఎక్కడిది? రుచిగా ఉంది, పిల్లలకు మంచిది, పండించిన మనిషి ముఖం తెలుసు. ఇందులో సంప్రదాయానికి విరుద్ధమైనది ఏముంది?

ఆ అనుభవం మీద వ్యాసం రాస్తే, మేమూ ఇంతే అంటూ దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. 2006లో అదే "క్రంచీ కాన్స్" అనే పుస్తకం అయింది. ఆవులు పెంచే చర్చి కుటుంబాలు, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పే తల్లులు, తుపాకీతో వేటాడుతూనే అడవిని కాపాడాలనేవాళ్లు, వీళ్లందరి గురించీ అందులో రాశాడు.

అదే కాలంలో మాథ్యూ స్కల్లీ అనే ఇంకొకాయన "డొమినియన్" అనే పుస్తకం రాశాడు. అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్‌కు ఉపన్యాసాలు రాసిపెట్టిన మనిషి, పైగా శాకాహారి. పందులను కదలడానికి కూడా వీల్లేని ఇనుప గదుల్లో కుక్కి పెంచే ఫ్యాక్టరీ పద్ధతిని, క్రైస్తవ దయాగుణం వైపు నిలబడి కడిగి పారేశాడు.

వాళ్లు అలా ఎందుకు ఆలోచిస్తారు?

నాకు అర్థమైనంతవరకు వాళ్ల వాదనకు నాలుగు వేర్లు.

ఒకటి, దైవభక్తి. భూమి మనది కాదు, దేవుడిది. మనం కాపలాదారులం మాత్రమే. కాపలాదారుడు ఆస్తిని తగలబెట్టకూడదు కదా.

రెండు, కుటుంబం. ఇంట్లో అందరూ కూర్చుని, ఇంట్లో వండింది తినాలి. ప్యాకెట్ తిండి కుటుంబాన్ని విడదీస్తుంది.

మూడు, పెద్దదంటే అపనమ్మకం. మామూలు రిపబ్లికన్‌కు పెద్ద ప్రభుత్వం అంటే పడదు. వీళ్లకు పెద్ద కంపెనీ అన్నా పడదు. రెండూ కలిసి చిన్నవాణ్ణి నలిపేస్తాయని వీళ్ల లెక్క.

నాలుగు, పాతదాన్ని కాపాడుకోవడం. పేరులోనే ఉంది: ఇంగ్లీషులో సంప్రదాయవాదానికీ, ప్రకృతి పరిరక్షణకూ మూలం ఒకే మాట. 1953లో "ద కన్జర్వేటివ్ మైండ్" రాసి ఆ భావాలకు పునాది వేసిన రస్సెల్ కిర్క్, మిషిగన్‌లో మెకోస్టా అనే పల్లెలో ఉంటూ చెట్లు నాటాడు. మోటారు కార్లు సమాజాన్ని తలకిందులు చేసే విప్లవకారుల్లాంటివి అని విసుక్కునేవాడు. అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థను 1970లో పెట్టింది, ఆ సంస్థ 1972లో డీడీటీ వాడకాన్ని నిషేధించింది రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ హయాంలోనే అనేది చాలామంది మరిచిపోయారు.

అయితే అదే నిక్సన్ ప్రభుత్వంలో వ్యవసాయ మంత్రిగా ఎర్ల్ బట్జ్ ఉండేవాడు. 1971 నుంచి 1976 దాకా. ఆయన రైతులకు చెప్పిన మంత్రం: పెద్దవాడివి కా, లేదా పొలం వదిలిపో. గట్ల దాకా దున్ని మొక్కజొన్న, సోయా వేయమన్నాడు. అప్పులు చేసి భూములు కొన్నవాళ్లు 1980లలో వడ్డీలు పెరిగి, ధరలు పడి రోడ్డున పడ్డారు. 1935లో అమెరికాలో 68 లక్షల వ్యవసాయ క్షేత్రాలు ఉండేవి. 2022 లెక్కల్లో 19 లక్షలే మిగిలాయి. కెంటకీ రైతు, రచయిత వెండెల్ బెర్రీ 1977లో "ది అన్‌సెట్లింగ్ ఆఫ్ అమెరికా" రాసింది ఈ బట్జ్ విధానం మీదే. బెర్రీ కుడి వైపు మనిషి కాదు. అయినా క్రంచీ కన్జర్వేటివ్‌లు ఆయన్ని గురువులా చూస్తారు. హిప్పీల పిల్లలూ ఆయన్నే చదువుతారు. రెండు శిబిరాలకూ ఒకే గురువు ఉండటం మామూలు సంగతి కాదు.

సాలటిన్ పొలంలో అసలు పని

రాజకీయం పక్కన పెట్టి కాసేపు పొలంలోకి వెళ్దాం. వర్జీనియా రాష్ట్రం, షెనాండోవా లోయ, స్వూప్ అనే ఊరు. సాలటిన్ నాన్నగారు 1961లో ఈ భూమి కొన్నారు. అప్పటికి అది కోతకు గురై, బండలు తేలి, గల్లీలు పడిపోయిన నేల. ఇప్పుడు సుమారు 100 ఎకరాల గడ్డి, 450 ఎకరాల అడవి. కొడుకు జోయెల్ పత్రికా విలేకరి ఉద్యోగం మానేసి 1982లో పూర్తిగా సాగులోకి దిగాడు. ఇక్కడ రసాయన ఎరువు లేదు.

ఆయన పద్ధతి ఇది. ఆవులను కరెంటు తీగ కంచెతో చిన్న మడిలో పెట్టి, రోజూ కొత్త మడికి మారుస్తాడు. మూడు నాలుగు రోజుల తర్వాత చక్రాల మీద నడిచే కోళ్ల గూటిని అదే మడిలోకి లాక్కొస్తాడు. ఈలోపు పేడలో ఈగల పురుగులు బాగా పెరిగి ఉంటాయి. కోళ్లు పేడ కుప్పలను కాళ్లతో చెదరగొట్టి పురుగులు తింటాయి. దానా ఖర్చు తగ్గుతుంది, ఈగలు తగ్గుతాయి, పేడ పొలమంతా పరుచుకుంటుంది, కోడి రెట్ట అదనం. చలికాలంలో ఆవులు కొట్టంలో ఉంటాయి. వాటి కింద చెక్కపొట్టు, గడ్డి పొరలు పొరలుగా వేస్తూ మధ్యమధ్యలో మొక్కజొన్న గింజలు చల్లుతాడు. వసంతం రాగానే ఆవులను బయటికి తోలి పందులను లోపలికి వదులుతాడు. పులిసిన గింజల కోసం అవి మొత్తం తిరగేస్తాయి. ట్రాక్టర్ లేకుండా కంపోస్టు రెడీ.

ఇది వింటే మన పెద్దవాళ్లు నవ్వుతారు. మన దగ్గర మంద కట్టడం అంటే ఏంటి? వేసవిలో గొర్రెల కాపరిని పిలిచి రాత్రిళ్లు పొలంలో మంద పెట్టించి, రోజుకింత అని మడి మార్చడం. కాపరికి ధాన్యమో, డబ్బో ఇచ్చేవాళ్లం. సూత్రం అదే: ఎరువును మోసుకెళ్లకు, జీవాన్నే పొలానికి నడిపించు. ఆయన గొప్పతనం ఏంటంటే ఒక జీవం తర్వాత ఇంకో జీవాన్ని సమయం చూసి పంపడం. నాటుకోళ్లు ఉన్నవాళ్లు ఇది సులువుగా చేయొచ్చు. పాత సైకిల్ చక్రాలు, వెదురు, వలతో గూడు చేసుకుని, ఆవు కట్టేసిన చోటు మారిన మూడో రోజు అక్కడికి లాక్కెళ్లండి. రాత్రిపూట కుక్కలు, ముంగిసల నుంచి కాపాడుకునే ఏర్పాటు మాత్రం ముందే చూసుకోవాలి.

ఇంకో సంగతి. అమెరికన్ సేంద్రియ ఉద్యమం తల్లి వేరు మన దేశంలోనే ఉంది. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1905లో బిహార్‌లోని పూసాకు వచ్చి, తర్వాత ఇండోర్‌లో పనిచేసి, మన రైతుల పద్ధతులను గమనించి కంపోస్టు తయారీకి ఇండోర్ పద్ధతి అని పేరు పెట్టాడు. ఆయన రాతలు చదివే పెన్సిల్వేనియాలో జె. ఐ. రోడేల్ 1942లో సేంద్రియ సాగు పత్రిక మొదలుపెట్టాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మన పెరటి చెట్టు అమెరికా తిరిగొచ్చాక మనకు మందు అయింది.

గేటు దగ్గర అమ్మకం, కబేళా దగ్గర చిక్కు

సాలటిన్ సేంద్రియ సర్టిఫికెట్ తీసుకోలేదు. అమెరికాలో సేంద్రియ చట్టం 1990లో వచ్చింది, ప్రభుత్వ ముద్ర 2002 నుంచి అమల్లోకి వచ్చింది. ఆయన వాదన ఒకటే: నా పొలం గేటు తెరిచే ఉంది, ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూసుకోండి, నా కొనుగోలుదారే నా ఇన్‌స్పెక్టర్. అప్పట్లో దూరానికి పార్సిల్ కూడా పంపేవాడు కాదు. రచయిత మైఖేల్ పోలన్ "ది ఆమ్నివోర్స్ డైలమా" పుస్తకం కోసం మాంసం పార్సిల్ చేయమని అడిగితే, పంపను, తినాలంటే నువ్వే రా అన్నాడు. ఆయన వెళ్లి వారం రోజులు పొలంలో పనిచేసి రాసిన అధ్యాయాలతోనే పాలీఫేస్ ప్రపంచానికి తెలిసింది.

ప్రభుత్వంతో ఆయన అసలు తగాదా మాంసం దగ్గర. కోళ్ల విషయంలో అక్కడి చట్టం చిన్న రైతుకు మినహాయింపు ఇచ్చింది. సొంతంగా పెంచిన కోళ్లను ఏడాదికి 20,000 దాకా పొలంలోనే కోసి అమ్ముకోవచ్చు. ఆవు, పంది మాంసానికి ఆ వెసులుబాటు లేదు. చిల్లరగా అమ్మాలంటే ప్రభుత్వ తనిఖీ అధికారి ఉండే కబేళాలోనే కోయించాలి. అవి తక్కువ, దూరం, నెలల తరబడి వెయిటింగ్. పెద్ద కంపెనీలకు ఆ బాధ లేదు. అక్కడ దాణాతో బలిపించిన పశువుల్లో సుమారు 85 శాతం నాలుగు కంపెనీల చేతుల్లోనే కోతకు పోతాయి. నియమం అందరికీ ఒకటే, భారం మాత్రం చిన్నవాడి మీదే. "నేను చేయాలనుకున్న ప్రతిదీ చట్టవిరుద్ధమే" అనే అర్థం వచ్చే పేరుతో ఆయన 2007లో పుస్తకమే రాశాడు.

దీని మీద 2015లో అమెరికా పార్లమెంటులో ప్రైమ్ యాక్ట్ అనే బిల్లు వచ్చింది. ఊరి చిన్న కబేళాలో కోయించిన మాంసాన్ని ఆ రాష్ట్రం లోపల అమ్ముకునే వీలు ఇవ్వాలని. తెచ్చిన ఇద్దరెవరో చూడండి. ఒకరు కెంటకీ రిపబ్లికన్ థామస్ మాస్సీ: ఎంఐటీలో చదివిన ఇంజినీరు, కరెంటు లైన్ లేకుండా సోలార్ మీద నడిచే సొంత ఇల్లు, ఆవులు పెంచుతాడు. రెండోవారు మెయిన్ రాష్ట్రం డెమోక్రాట్ షెల్లీ పింగ్రీ: ఎన్నో ఏళ్లుగా సేంద్రియ రైతు. మిగతా ఏ విషయంలోనూ వీళ్లిద్దరికీ పొసగదు. ఈ ఒక్క బిల్లు దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. అప్పటినుంచి మళ్లీ మళ్లీ ప్రవేశపెడుతూనే ఉన్నారు.

ఇందులో నాకు నచ్చింది చెబుతా. పార్టీలు కలవలేదు. సిద్ధాంతాలు కలవలేదు. ఒక పని కోసం ఇద్దరు కలిశారు, అంతే.

పొసగనివి కూడా చెప్పుకోవాలి

వీళ్లను నెత్తిన పెట్టుకోవాలని నేను చెప్పను. వీళ్ల ఆలోచనలో మూడు చోట్ల గట్టు తెగిపోయి ఉంది.

మొదటిది, మమ్మల్ని మా మానాన వదిలేయండి అనే వాదన. మన పొలంలో మనం మందు కొట్టకపోయినా పక్క పొలంలో కొట్టింది గాలికి వస్తుంది కదా? 2017లో అమెరికాలో డైకాంబా అనే కలుపు మందు ఆవిరై కొట్టుకొచ్చి 36 లక్షల ఎకరాల సోయా దెబ్బతిన్నట్టు మిస్సోరీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త అంచనా వేశారు. అదే రాష్ట్రంలో ఒక పీచ్ తోటల రైతు కోర్టుకెక్కితే 2020లో జ్యూరీ 26.5 కోట్ల డాలర్లు చెల్లించాలని రెండు పెద్ద కంపెనీలకు చెప్పింది. తర్వాత పైకోర్టుల్లో అది తగ్గింది. ఇక్కడ ఆ రైతును ఆదుకున్నది చట్టమూ కోర్టూ. నియమాలే వద్దంటే మందు వాడనివాడికి రక్షణ ఎక్కడిది? నియమం ఉండాలి. అది చిన్నవాడి నడుం విరిచేలా ఉండకూడదు. రెండింటికీ తేడా ఉంది.

రెండోది, పచ్చి పాలు. కాచని పాలను రాష్ట్రం దాటించి అమ్మడాన్ని అమెరికా 1987లో నిషేధించింది. క్రంచీ కన్జర్వేటివ్‌లకు ఇది స్వేచ్ఛకు గుర్తుగా మారింది. 2024 మార్చిలో అక్కడి పాడి ఆవుల్లో బర్డ్ ఫ్లూ బయటపడి, కాచని పాలలో ఆ వైరస్ దొరికింది. అయినా తాగుతాం అన్నవాళ్లున్నారు. మన ఇళ్లలో అమ్మమ్మలు ఏం చేశారు? పాలు పొంగేదాకా కాచారు. అసలు సంప్రదాయం అదే. పాలు కాచడం ప్రకృతికి వ్యతిరేకం అని మన పెద్దవాళ్లు ఎవరూ అనలేదు.

మూడోది, ధర. డ్రెహర్ మెచ్చుకున్న బుట్ట కొనగలిగేది మధ్య తరగతి, ఆపై వాళ్లు. అమెరికాలో ఈ ఉద్యమంలో సొంత భూమి ఉన్నవాళ్ల గొంతే ఎక్కువ వినిపిస్తుంది. పండ్ల తోటల్లో కోత కోసే కూలీ గొంతు తక్కువ.

ఉద్యమాన్ని రాజకీయం ఎత్తుకుపోతే

2024 ఆగస్టులో రాబర్ట్ ఎఫ్. కెనడీ జూనియర్ తన పోటీ ఆపేసి ట్రంప్‌కు మద్దతు ఇచ్చాడు. డెమోక్రాట్ల ఇంట పుట్టి, పురుగుమందుల కంపెనీల మీద కోర్టుల్లో కొట్లాడిన లాయరు. 2025 ఫిబ్రవరిలో ఆరోగ్య మంత్రి అయ్యాడు. సేంద్రియ తిండి తినే తల్లులు, చర్చి రైతులు, పచ్చి పాల వాళ్లు ఎందరో ఆయన వెనక నడిచారు. ఇన్నాళ్లకు మన మాట వినేవాడు వచ్చాడనుకున్నారు.

తర్వాత ఏం జరిగిందో వరసగా చూడండి. 2025 మార్చిలో అదే ప్రభుత్వంలోని వ్యవసాయ శాఖ, బడులు, ఫుడ్ బ్యాంకులు దగ్గర్లోని రైతుల నుంచి కొనడానికి ఇచ్చే సుమారు 100 కోట్ల డాలర్ల పథకాలను రద్దు చేసింది. దెబ్బ తగిలింది చిన్న రైతులకే. మే నెలలో వచ్చిన ఆరోగ్య నివేదికలో గ్లైఫోసేట్, అట్రజిన్ పేర్లు వచ్చాయి. పెద్ద రైతు సంఘాలు భగ్గుమన్నాయి. సెప్టెంబర్‌లో కార్యాచరణ పత్రం వచ్చేసరికి పురుగుమందుల మీద కొత్త ఆంక్షలేవీ లేవు. ఓటు తీసుకునేటప్పుడు ఉన్న వేడి పని చేసేటప్పుడు లేదు.

ఇంకో నష్టం ఇంతకంటే పెద్దది. రసాయన మందు లేని పంట అనే మాటను, టీకాలు వద్దు అనే మాటతో ఒకే మూటలో కట్టారు. 2025లో టెక్సాస్‌లో తట్టు వ్యాపించి 700కు పైగా కేసులు నమోదయ్యాయి, టీకా వేయించని ఇద్దరు పిల్లలు చనిపోయారు. జీవామృతం కలిపే చేత్తో నేను ఈ మాట గట్టిగా చెబుతున్నా: నేలకు రసాయనం వద్దనడం వేరు, పిల్లకు టీకా వద్దనడం వేరు. మొదటిది మన పొలాల్లో పంట చూపించి నిరూపించుకున్నాం. రెండోదాన్ని మన పేరు మీద ఎవరూ అమ్మకూడదు.

ఇలా ఎత్తుకుపోవడం కొత్త కాదు. 1946లో ఇంగ్లండ్‌లో ఈవ్ బాల్ఫర్ ముందుండి మొదలైన సాయిల్ అసోసియేషన్‌కు ఎంతో మంచి పేరుంది. దాని పత్రికకు మొదటినుంచి సంపాదకుడిగా ఉన్న జోరియన్ జెంక్స్ అంతకుముందు బ్రిటిష్ ఫాసిస్టు పార్టీకి వ్యవసాయ సలహాదారు. నేల మీద ప్రేమ, మెల్లగా ఈ నేల మాదే, మీది కాదు అనే మాట దాకా జారడానికి పెద్ద దూరం లేదు. జర్మనీలో నాజీల వ్యవసాయ మంత్రి డారే నేల, రక్తం అంటూ ఊదరగొట్టింది చరిత్రలో ఉంది. కాబట్టి మట్టి పేరుతో మనుషుల్ని వేరు చేసేవాడు వస్తే, వాడు ఏ జెండా పట్టుకున్నా జాగ్రత్తగా ఉండాలి.

మన సంగతికొద్దాం

మన దగ్గరా ఈ కలగాపులగం ఉంది. జన్యుమార్పిడి ఆవాల మీద స్వదేశీ జాగరణ్ మంచ్, భారతీయ కిసాన్ సంఘ్ వ్యతిరేకత చెప్పాయి. వాటికి సైద్ధాంతికంగా ఆ చివర ఉన్న సంఘాలూ అదే చెప్పాయి. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయ ఆగిందంటే ఈ రెండు వైపుల ఒత్తిడీ అందులో ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైంది. 2019లో ప్రభుత్వం మారింది. 2024లో మళ్లీ మారింది. ఎన్నో పథకాలకు పేర్లు మారాయి, కొన్ని మూలపడ్డాయి. ఈ కార్యక్రమం మాత్రం నిలిచింది. 2024లో గుల్బెంకియన్ బహుమతి పంచుకుంది. ఎందుకు నిలిచింది? నా లెక్కలో కారణం ఒకటే. దాన్ని మోసింది పార్టీ కార్యకర్తలు కాదు, ఊళ్లలోని మహిళా సంఘాలు, రైతుల్లోంచి వచ్చిన శిక్షకులు. నవధాన్యాలు చల్లే అక్కను ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు. జనగామ జిల్లా ఏనెబావి ఊరు ఊరంతా రసాయనం మానింది కూడా ఊరు కూర్చుని మాట్లాడుకుంటేనే.

దీనికి విరుద్ధంగా జరిగేదీ చూస్తున్నాం. మొన్నటి ఎన్నికలప్పుడు మాకు దగ్గర్లోని ఒక రైతు గ్రూపులో విత్తనాల మార్పిడి, బియ్యం అమ్మకాల గురించి మాట్లాడుకునేవాళ్లు కాస్తా నాయకుల ఫొటోలు పెట్టుకుని తిట్టుకున్నారు. సగం మంది బయటికి పోయారు. పట్నానికి కలిపి పంపే బండి ఆగింది. కిరాయి ఎవరికి వాళ్లకు భారమై, ఇద్దరు దేశవాళీ వరి మానేసి మళ్లీ మిల్లు రకం వేశారు. ఓట్లు లెక్కపెట్టారు, ఫలితాలు వచ్చాయి, నాయకులు బాగానే ఉన్నారు. పోయింది మన బండి.

ఇంకో మాట. సాలటిన్ 40 ఏళ్లుగా ఒకే నేల మీద పనిచేశాడు, ఎందుకంటే అది ఆయనది. మన దగ్గర సాగు చేసేవాళ్లలో కౌలు రైతులు ఎంతమంది! ఏడాది కౌలుకు తీసుకున్నవాడు ఘన జీవామృతం వేసి, ఆచ్ఛాదన కప్పి, మూడేళ్లకు వచ్చే ఫలితం కోసం ఎందుకు ఆగుతాడు? నేల బాగుపడేసరికి యజమాని కౌలు పెంచుతాడు, లేదా వెనక్కి తీసుకుంటాడు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలన్నా యజమాని సంతకం కావాలి. ఆస్తి హక్కు గురించి అంత మాట్లాడే అమెరికన్ సంప్రదాయవాదుల దగ్గర దీనికి జవాబు లేదు. ఇది మనమే వెతుక్కోవాల్సింది. మీకు భూమి ఉండి కౌలుకు ఇస్తుంటే, సహజ సాగు చేస్తానన్నవాడికి కనీసం ఐదేళ్లకు రాసివ్వండి. ఏ ఉపన్యాసం కంటే అది పెద్ద సాయం.

నేను తీసుకున్నవి, వదిలేసినవి

తీసుకున్నవి:

1. గేటు తెరిచి ఉంచడం. కొనేవాళ్లు నెలకొకసారి పొలానికి వచ్చి చూసేలా ఏర్పాటు. పీజీఎస్ పద్ధతిలో పక్క రైతే మన పంటను చూసి సాక్ష్యం చెబుతాడు కదా, దానికి ఇది తోడు.

2. ముందే డబ్బు కట్టే బుట్ట. 1986లో అమెరికాలో రెండు పొలాల్లో మొదలైన పద్ధతి. సీజన్ మొదట్లో కొంత కట్టించుకుని వారం వారం కూరగాయలు ఇవ్వడం. పంట పోతే నష్టం ఇద్దరిదీ. పది కుటుంబాలతో మొదలుపెట్టినా చాలు.

3. జీవాల వరస. ఆవు, ఆ వెనక కోడి. లేదా మన పాత గొర్రెల మంద.

4. ఒక్క పని కోసం కలవడం. విత్తనం, రవాణా, కౌలు, పక్క పొలం మందు కొట్టుకు రావడం. ఈ నాలుగింటి మీద ఏ పార్టీ వాడితోనైనా కూర్చుంటా. మిగతావి టీ కొట్టు దగ్గర మాట్లాడుకుందాం.

వదిలేసినవి: నియమాలన్నీ చెడ్డవే అనే మాట, కాచని పాలు, టీకాల మీద అనుమానం, నేల పేరుతో మనుషుల్ని విడదీసే మాట.

మీ గ్రూపులో ఇలాంటి గొడవ వచ్చి మళ్లీ కలుసుకున్న అనుభవం ఉంటే తప్పకుండా రాయండి. ఎలా కలిశారో అదే మిగతావాళ్లకు పనికొస్తుంది. కోళ్ల గూడు కొలతలతో చేసిన వీడియో కింద ఉంది, పూర్తిగా చూసి, తయారు చేసేముందు మీ దగ్గరున్న కోళ్ల సంఖ్య చూసుకుని సైజు నిర్ణయించుకోండి. తొలకరికి ముందు నవధాన్యాలు చల్లేవాళ్లు విత్తనం ఇప్పుడే పోగు చేసుకోండి.

జై కిసాన్.